పింఛను తర్వాత వచ్చిన దేవుడు

మా నాయనకు పింఛనొచ్చినాక దేవుడు దొరికినాడని మా వాడలో నవ్వుతా చెప్పుకుంటారు. దేవుడు ఆయనకు ఎప్పుడో దొరికినాడు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకునేదానికి, రైల్వే వాళ్లు పింఛను కాగితం చేతికిచ్చేదాకా ఆగినాడు. ముప్పై నాలుగేండ్లు ఆగినాడు. నమ్మినదాన్ని దాచిపెట్టుకోవడం అబద్ధమాడటమేనా? అబద్ధమే అయితే ఆ అబద్ధం ఎవరిది? నీతి శాస్త్రాలు రాసినోళ్లకు ఈ ప్రశ్న వచ్చిందో లేదో గానీ మా ఇంట్లో మాత్రం ప్రతి ఎండాకాలం ముందరా వస్తుంది.

మాది నగరి దగ్గర మాలపల్లె. నాయన 1983లో ఏకాంబరకుప్పం పక్క రైలు పట్టాల మీద రోజు కూలీగా చేరినాడు. తర్వాత పర్మనెంటయి గ్యాంగ్‌మెన్ అయినాడు. 2017లో రిటైరయినాడు. భుజాన సుత్తి, చేతిలో జెండాలు పట్టుకుని పుత్తూరు దిక్కు ఎన్ని వేల మైళ్లు నడిచినాడో లెక్క లేదు. అమ్మ చెరుకు తోటల్లో కూలికి పోయింది. ఆమె గూడా రిటైరయింది. ఆమెను రిటైర్ చేసింది మోకాళ్లు. ముప్పై ఏండ్లు చెరుకు కొట్టినావు, ఇదో నీ పింఛను అని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. వాళ్ల ముగ్గురు బిడ్డల్లో డిగ్రీ చదివింది నేను. మా వంశంలో అదే మొదటి డిగ్రీ. 2018 డీఎస్సీలో సెలక్టయి ఇప్పుడు ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్తున్నాను.

అమ్మ పుట్టింటోళ్లు తాతల కాలంనాటి లూథరన్లు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషన్ వాళ్లు 1865 నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపుల్లో పనిచేసినారు. వాళ్ల తర్వాత అమెరికా లూథరన్లు వచ్చినారు. 1945లో తిరుపతి కేంద్రంగా దక్షిణాంధ్ర లూథరన్ సంఘం ఏర్పడింది. మా అమ్మ తాత ఎందుకు మతం మారినాడని అడిగితే ఊర్లో వాళ్లు ఒకటే మాట చెప్తారు: గోధుమ పిండికి, పాలపొడికి. మా అమ్మ వేరే మాట చెప్తుంది. చావుకు కొట్టే పలక పట్టిన చేతులు రాసే పలక పట్టింది ఆ మిషన్ బడిలోనే అంటుంది. పిండి కోసమే పోయినారనుకుందాం. ఊరు గింజ పెట్టకపోతే, పెట్టినోడి దగ్గరికి పోవడం ఏ నీతికి తప్పు? కడుపు నిండినోళ్లు రాసిన నీతి కొలతలతో ఆకలిని కొలవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అమ్మ పసిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం పొందింది. ఆమెకు ఉద్యోగం లేదు, సర్టిఫికెట్టు లేదు. కాబట్టి ఆమెకు దేవుడు బహిరంగంగా ఉన్నాడు. నాయనకు ఉద్యోగం ఉంది, సర్టిఫికెట్టు ఉంది. కాబట్టి ఆయన దేవుడు ఇంట్లోనే, అదీ తలుపేసినాకనే. మమ్మల్ని గూడా చర్చికి తీసకపోయింది గానీ బాప్తిస్మం ఇప్పించలేదు. "బిడ్డలు సదువుకోవల్ల" అని నాయన ఒక్క మాట అన్నాడంట. సంస్కారం రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం అందరూ లేచి బలిపీఠం దగ్గరికి పోతే, మేం ముగ్గురం, మా నాయన వెనక బల్లమీద కూర్చుని ఉండేవాళ్లం. అమ్మ ఒక్కతే పోయి మోకరించి వచ్చేది. తిరిగొచ్చేటప్పుడు మా ముఖాల దిక్కు చూసేది కాదు.

ఇదంతా ఒక కాగితం వల్ల. 1950 ఆగస్టు 10న షెడ్యూల్డ్ కులాల జాబితాతో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాని వేరే మతాన్ని అవలంబించే వాళ్లను షెడ్యూల్డ్ కులంగా ఎంచకూడదని అందులో మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులను చేర్చుకున్నారు. 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. 1956లో అంబేద్కర్ వెంట నడిచి బౌద్ధం పుచ్చుకున్నవాళ్లకు ఆ మాట వినేదానికి 34 ఏండ్లు పట్టింది. మా నాయన సర్వీసు గూడా 34 ఏండ్లే. క్రైస్తవులు, ముస్లిములు ఈపొద్దుకీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలను బీసీ-సీ అని రాసి ఒక్క శాతం ఇచ్చినారు. 1977లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు కొన్ని రాయితీలు ఇచ్చింది. వాటిలో ఎస్సీ రిజర్వేషను లేదు, చట్టసభలో సీటు లేదు. ఇంక అట్రాసిటీ చట్టం సంగతి. చాలా ఏండ్లుగా పాస్టరుగా ఉన్న ఒకాయన ఆ చట్టం కింద కేసు పెడితే, మతం మారినప్పుడే ఎస్సీ హోదా పోయింది కాబట్టి ఆ చట్టం ఆయనకు వర్తించదని 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు చెప్పింది. అంతకు ముందు, 2024 నవంబరులో, పసితనంలో బాప్తిస్మం పొంది చర్చికి పోతా ఉన్న ఒక పుదుచ్చేరి స్త్రీకి ఎస్సీ సర్టిఫికెట్టు రాదని సుప్రీంకోర్టు చెప్పింది. నమ్మకం లేకుండా రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమని అన్నది.

మోసం అనే మాట దగ్గర నేను ఆగిపోయినాను. బడిలో పిల్లలకు సత్యం పలకమని చెప్పే ఉద్యోగం నాది. ఆ మాటను నా ఇంటికి తెచ్చుకుని ఆలోచించినాను.

నాయన రిటైరయినాక, 2018 ఈస్టర్ పండగ నాడు బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటినుంచి వాళ్లిద్దరికీ ఒక అలవాటయింది. మామిడి పూత రాలి పిందె కట్టేటప్పటికి శ్రమల దినాలు మొదలవుతాయి. సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకం, మాత్రల డబ్బా, వేయించిన చెనక్కాయలు పెట్టుకుని బిడ్డల ఇండ్లకు బయల్దేరతారు. ముందు తిరుత్తణి పక్క అక్క ఇంటికి. అక్క మొగుడు బాప్తిస్మం తీసుకున్న మనిషి. వాళ్ల బిడ్డలు కాగితాల్లో బీసీలు. తర్వాత రైల్వే పాసు మీద కోలారు బంగారు గనుల ఊర్లో ఉండే మేనత్త దగ్గరికి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి పోయిన మా కులాలోళ్లే ఆ గనుల్లో వేల అడుగుల లోతుకు దిగినారు. దిగేటప్పుడు మీ దేవుడెవరని ఏ దొరా అడగలేదు. 2001లో గనులు మూసేటప్పుడూ అడగలేదు. ఆ తర్వాత తిరుపతిలో తమ్ముడి ఇంటికి. అది బాడుగిల్లు. అక్కడ ప్రార్థన గొంతు తగ్గించి చేసుకుంటారు. తమ్ముడి బిడ్డ ఎస్సీ. ఒక తల్లి కడుపున పుట్టిన మా ఇండ్లల్లో ఒక ఇంటికి ఒక కులం, ఇంకో ఇంటికి ఇంకో కులం. అందరం తినేది ఒకే సంగటి. అందరి తాతలు కొట్టింది ఒకే పలక.

మట్టలాదివారానికి నగరిలో నా ఇంటికి వస్తారు. ఈస్టర్ దాకా ఉంటారు. నా బిడ్డ చేత ఈతమట్ట పట్టించుకుని ముసలోడు చర్చికి నడుస్తాడు. ఇన్నేండ్లు వెనక బల్ల మీద కూర్చున్న మనిషి ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటాడు. రాగం రాకపోయినా గట్టిగా పాడతాడు. ఆ గొంతు వింటే నాకు సంతోషం, కోపం రెండూ వస్తాయి. ఇంత గొంతును ఇన్నాళ్లు ఎవరు నొక్కి పెట్టినారు?

పండగ మరుసటి దినం సద్ది కట్టుకుని కైలాసకోనకు పోతాం. దోవలో నాయన మనవరాలికి నగరి ముక్కుకొండ చూపించి, ఒకప్పుడు సముద్రంలో ఓడలోళ్లు దాన్ని గురుతు పెట్టుకునేవాళ్లని చెప్తాడు. కోనలో నీళ్ల కింద చిన్నపిల్లోడి మాదిరి నిలబడతాడు. అక్కడ శివుడి గుడి ఉంది. దాని దిక్కు తిరిగి ఒక నిమిషం నిలబడతాడు. అమ్మ ఏమీ అనదు. మనిషి లోపల ఎవరికి ఎంత చోటుందో రెవెన్యూ ఆఫీసులో కూర్చుని కొలిచేది ఎట్లనో నాకు తెలియదు.

ఒక ఏడు కోన నుంచి తిరిగొస్తా టీ అంగడి దగ్గర ఆగినాం. పెద్దకులపాయన ఒకడు, నాయన కంటే ఇరవై ఏండ్లు చిన్నోడు, నాయన చేతిలో సంచి చూసి, "ఏమిరా, రిటైరయి దేవుణ్ణి మార్చినావంటనే" అన్నాడు. నాయన నవ్వి ఊరకున్నాడు. ఆ మనిషి మా నాయన మతం మారినాడని తెలిసే మాట్లాడినాడు. తెలిసి గూడా 'రా' అన్నాడు. దేవుడు మారినాడు, 'రా' మారలేదు. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది. ఆ టీ అంగడిలో ఎవరికీ ఆ చట్టం తెలియదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను తరిమి చంపినోళ్లు ఎవరి బాప్తిస్మం కాగితమూ అడగలేదు. బతికినోళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. గొడ్డలికి తెలిసిన సంగతి చట్టానికి తెలియకపోవడం ఏం న్యాయం?

మమ్మల్ని తప్పుపట్టేవాళ్లు మూడు దిక్కుల్లో ఉన్నారు. చర్చిలో ఒక పెద్దమనిషి నాయనతో, ఉద్యోగమున్నన్నాళ్లూ పేతురు మాదిరి ఎరగనన్నావు అన్నాడు. దానికి అమ్మే జవాబు చెప్పింది: "కోడి కూసినాక గూడా పేతురును ఆయన పంపేయలేదు గదయ్యా. మీరెవరు పంపేదానికి?" ఆ చర్చిలో గూడా కులం లేకుండా లేదు. పెండ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ప్రార్థన అయిన మరుక్షణం అది బయటికొస్తుంది.

రెండో దిక్కు, మతం మారని మా దళిత మిత్రులు. మిషన్ బడులు, ఆస్పత్రులు మీకున్నాయి, ఉన్న కొంచెంలో గూడా మీరు వాటాకొస్తారా అంటారు. వాళ్ల భయం ఉత్తది కాదు. ఉద్యోగాలు తగ్గిపోతున్న కాలమిది. అయితే మా వాడలో మిషన్ బడి ఇప్పుడు లేదు. చదివినోళ్లూ చదవనోళ్లూ రెండు మతాల్లోనూ ఉన్నారు. వాటా చాలకపోతే వాటా పెంచమని కొట్లాడాల్సిందే గానీ, అన్నదమ్ముల్లో ఒకడు ఆదివారం యాడికి పోతాడో చూసి పళ్లెం లాక్కోవడం ఎట్ల సమంజసం?

మూడో దిక్కు ఉద్యమంలో ఉన్న స్నేహితులు. అసలు దేవుడెందుకు అంటారు. నాకు గూడా దేవుడి మీద అమ్మకున్నంత నమ్మకం లేదు. కానీ నమ్మకుండా ఉండే స్వేచ్ఛ నాకు కావాలంటే నమ్మే స్వేచ్ఛ మా అమ్మకుండాలి. రెండూ ఒకే హక్కు. ఆ హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో రాసి ఉంది. దాన్ని వాడుకుంటే ఎస్సీలుగా మాకున్నవి పోతాయి. వాడుకుంటే జరిమానా పడే దాన్ని హక్కు అనొచ్చునా?

ఇంక మోసం సంగతి. నాయన పుట్టుక అబద్ధం కాదు. ఆయన మాలపల్లెలో పుట్టినాడు, ఊరిబావిలో చేద వేయలేదు. ఆయన విశ్వాసమూ అబద్ధం కాదు. రెండు నిజాల్లో ఏదో ఒకటే చెప్పు అని కాగితం అడిగింది. కూడు పెట్టే నిజం చెప్పినాడు, రెండోది మనసులో పెట్టుకున్నాడు. దొంగ ఆదాయం చూపినోడు, లేని కులం రాయించుకున్నోడు మోసగాడు. ఉన్న రెండింటిలో ఒకదాన్ని మింగి బతికినోడు దేశాన్ని మోసం చేయలేదు. మోసపోయింది ఆయనే. నడివయసంతా ఆయన తన దేవుడి ముందర వెనక బల్లమీద కూర్చున్నాడు.

ఈ ఏడు ప్రశ్న నా దగ్గరికే వచ్చింది. నా బిడ్డకు ఈస్టర్‌కు బాప్తిస్మం ఇప్పించమని అమ్మ అడిగింది. బిడ్డ వచ్చే ఏడు నవోదయ పరీక్ష రాయాల. కమ్యూనిటీ సర్టిఫికెట్టు కావాల. కొంచెం ఆగుదాంలేమ్మా అన్నాను. అమ్మ కోప్పడలేదు. "మీ నాయన్ను ఆగమన్నారు, ఆగినాడు. మిమ్మల్ని ఆగమన్నారు, ఆగినారు. ఇంగ ఎన్ని తరాలు ఆగల్లమ్మా?" అన్నది. నాయన పక్కనుంచి, "పట్టాకూ పట్టాకూ మధ్యన సందు వదల్తాం గదా, ఎండకు సాగేదానికి. ఆ సందు లేకుంటే పట్టా వంకరపోతుంది. మనిషికీ అంత సందు గావల్ల" అన్నాడు.

ఆగుదాం అన్నది నా నోరే. ఆ మాట పుట్టింది మాత్రం నా నోట్లో కాదు, 1950 నాటి ఆ మూడో పేరాలో. దాన్ని తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. క్రైస్తవంలోకి పోయిన దళితులను ఎస్సీలుగా గుర్తించమని మన శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. కేంద్రం 2022లో బాలకృష్ణన్ గారి ఆధ్వర్యంలో ఇంకో కమిషన్ వేసింది. కమిషన్లకు గడువు పొడిగించవచ్చు. డెబ్బై దాటబోయే మా నాయనకు గడువు పొడిగించే ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేరు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఇది. ఆగస్టు 10న దళిత క్రైస్తవులు నల్లదినం పాటిస్తే, అది చర్చి వాళ్ల గోలలే అని పక్కకు పోవద్దండి. మీరు హిందువులైనా, బౌద్ధులైనా, ఏ దేవుడూ లేనివాళ్లయినా వచ్చి నిలబడండి. విశ్వాసం పింఛనుతో పాటు వచ్చే సౌకర్యం కాగూడదు. ఇరవై ఏండ్ల పిల్లకు, ఉద్యోగం వెతుక్కునే పిల్లోడికి, తన కులం పేరూ తన దేవుడి పేరూ రెండూ ఒకే దరఖాస్తులో రాసే ధైర్యం రావాల. ఆ దరఖాస్తు వచ్చేదాకా, మమ్మల్ని అబద్ధాలోళ్లని పిలిచే హక్కు ఎవరికీ లేదు.