పల్లెపాట, పక్షికూత – భక్తుని చెవి

నవవిధభక్తులలో ప్రథమముగా పేర్కొనబడినది శ్రవణము. కన్నులకు రెప్పలున్నవి, నోటికి పెదవులున్నవి. చెవికి మాత్రము భగవంతుడు తలుపు పెట్టలేదు. కావుననే చెవి దేనిని కోరుచున్నదను విచారణ సాధకునకు మిక్కిలి అవసరము. ఆలయమున వేదఘోషను, దివ్యప్రబంధ పారాయణమును వినవలెననుటలో వివాదము లేదు. కాని గంగిరెద్దులవాని సన్నాయి, నాట్లు వేయు స్త్రీల పదములు, వేకువను చెట్టుపై కూయు పక్షి గొంతు – వీనియందు ఒకనికి తీరని మక్కువ కలిగినచో, అది భక్తికి సోపానమగునా? లేక ఇంద్రియలౌల్యమే వేషము మార్చుకొని వచ్చినదా?

నెల్లూరునకు ఎదుట, పెన్నానదికి ఉత్తరమున ఉన్న కోవూరు ప్రాంతమున ధనుర్మాసపు వేకువలు ఈ ప్రశ్నకు తగిన రంగస్థలము. ఆవలి ఒడ్డున తల్పగిరి రంగనాథుని సన్నిధి. ఈవల వరిమళ్లు. మంచు విడకముందే గోరవంకల కలకలము, పొలముపై తీతువు అరుపు. వీధిలో తలపై అక్షయపాత్ర, చేత చిరుతలు, భుజమున తంబుర, కాళ్లకు గజ్జెలతో హరిదాసు నడచి వచ్చును. తెల్లవారిన పిమ్మట నాట్లకు దిగిన స్త్రీల పాట గట్ల మీదుగా వినవచ్చును. సంగీతశాస్త్రము నెరుగని గృహస్థుడు సైతము చేతిలోని పని మాని ఒక క్షణము నిలిచిపోవును. ఆ నిలిచిన క్షణము పుణ్యమా, ప్రమాదమా?

ప్రమాదమని చెప్పుటకు ప్రమాణము లేకపోలేదు. శ్రీమద్భాగవత ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పెను. వారిలో లేడి ఒకటి. వేటకాని గానమునకు మోహపడి లేడి వలలో చిక్కును. దానిని చూచి, వనమున సంచరించు యతి గ్రామ్యగీతమును వినరాదని అవధూత నేర్చుకొనెను. స్త్రీల ఆటపాటలకు లోబడిన ఋష్యశృంగుని వృత్తాంతమును సైతము ఆయన ఉదాహరించెను. పెద్దలు పల్లెపాటపై ఆసక్తిని శంకించినచో ఆ శంకకు మూలము ఇట్టిది. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు.

అయితే ఆ వాక్యమును సావధానముగా పరిశీలింపవలెను. అది యతికి చెప్పిన నియమము. గృహస్థునకు పొలము, వాకిలి, అతిథి అను ధర్మములున్నవి. మరియు గ్రామ్యమను పదమునకు అచ్చట పల్లెలో పుట్టినదని అర్థము కాదు. విషయసుఖమును రేపునదని అర్థము. లేడి చెడుటకు గానము కారణమా? తన సుఖమే గానమునకు ప్రయోజనమని తలచుట కారణము. ఆ దృష్టితో విన్నచో మహాసభలో పాడిన కీర్తనయు గ్రామ్యమే. భగవంతుని గుణములను పాడుచుండగా గాయకుని గొంతును మాత్రమే తూకము వేయుచు కూర్చున్న శ్రోత, ఆ క్షణమున లేడికంటె భిన్నుడు కాడు.

తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) ఈ రహస్యమును ఎరిగినవాడు. సంస్కృతమున సంకీర్తన లక్షణమును రచించిన ఆ మహానుభావుడే సువ్వి, గొబ్బి, జాజర, ఏల, జోల, ఉయ్యాల వంటి పల్లెవారి పాటల తీరులను స్వామి సన్నిధికి చేర్చెను. రోకటిపోటు వద్ద పాడుకొను బాణీ రాగిరేకుల కెక్కి తిరుమల కొండపై నిలిచినది. పాట పుట్టిన చోటు దానికి దోషము కాలేదు. చేరిన చోటు దానిని పావనము చేసెను.

పాడువాని కులమును గూర్చి సందేహించువారికి కైశికపురాణము సమాధానము. వరాహపురాణాంతర్గతమైన ఈ కథను వరాహస్వామి భూదేవికి చెప్పెను. సమాజము చండాలుడని దూరముంచిన నంపాడువాన్ అను భక్తుడు తిరుక్కురుంగుడి స్వామికి రాత్రివేళ పాడు వ్రతము కలవాడు. కార్తిక శుక్ల ఏకాదశినాడు బ్రహ్మరాక్షసుడు అతనిని పట్టుకొనెను. పాడి తిరిగి వత్తునని ప్రమాణము చేసి, ఆలయమునకు పోయి పాడి, అన్నమాట ప్రకారము రాక్షసుని వద్దకు మరలివచ్చెను. ఆ సత్యమునకు చలించి, తినుట మాని, నీ గానఫలమిమ్మని రాక్షసుడే యాచించెను. ప్రాణము దక్కునను ఆశతో ఫలమునిచ్చుటకు భక్తుడు అంగీకరింపలేదు. ఉద్ధరింపుమని శరణు జొచ్చిన పిమ్మట కైశికరాగమున పాడిన పాట ఫలమును ధారపోసెను. రాక్షసత్వము తొలగినది. నేటికిని కైశికద్వాదశినాడు తిరుమలలో వేకువకు ముందు ఉగ్రశ్రీనివాసమూర్తి ఊరేగింపునకు వేంచేయును.

ఇందులోని ధర్మసూక్ష్మము గమనింపదగినది. నంపాడువాన్ పాటను అమ్మలేదు, దాచుకొననూ లేదు. తనకొరకు నిలుపుకొన్నది లౌల్యము, ఆర్తునకు ఇచ్చినది సేవ. శ్రవణమునకును ఇదియే పరీక్ష: విన్నవాడు విన్నదానిని ఏమి చేయుచున్నాడు?

పక్షులను గూర్చియు ఈ పరీక్షయే చాలును. నారదీయశిక్ష షడ్జమమును నెమలికి, మధ్యమమును క్రౌంచమునకు, పంచమమును కోకిలకు చెప్పినది. మానవుడు స్వరము నేర్చుకొన్నది పక్షుల పాఠశాలలోనే యని దీని భావము. భాగవతమున గోపికలు బృందావన పక్షులను మునులని పలికిరి. అవి కొమ్మలపై కూర్చుండి, ఇతర శబ్దములు మాని, వేణుగానమును వినుచుండెనట. పాడు పక్షికంటె వినుచున్న పక్షి గొప్పదని ఆ వ్రజకాంతల తీర్పు.

అట్టి పక్షిని ప్రేమతోనే పంజరమున బంధించు గృహములున్నవి. రామచిలుకకు రామనామము నేర్పి మురియుదురు. భాగవతమును చెప్పిన మహర్షి శుకుడు, శుకమనగా చిలుక. ఆ పేరుగల పక్షిని బందీ చేసి పలికించు నామము ఎవరికి పుణ్యము? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము రామచిలుకను పెంచుట నేరము. చట్టము లేకున్నను అది దయకు విరుద్ధము.

దీనికి ప్రతిగా కోవూరునకు దక్షిణమున, పులికాటు సరస్సునకు సమీపముననున్న నేలపట్టు చెరువును స్మరింపవలెను. 1976లో పక్షి సంరక్షణ కేంద్రమైన ఆ తావున, నీటిలో నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. పెద్ద గూడబాతు దాదాపు మూగది. పిల్లల అరుపు కర్ణకఠోరము. అయినను పరిసర గ్రామస్థులు వానిని తమ ఊరి అతిథులుగా ఆదరించిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు చేనికి బలమని వారి అనుభవము. ఇంపుగా పలుకు ప్రాణినే ప్రేమించువాడు తన చెవిని ప్రేమించుచున్నాడు. పలుకకున్నను ఆదరించువాడు ప్రాణిని ప్రేమించుచున్నాడు.

వినువాడు లేనిచో పాటకు కలుగు గతి ఎట్టిదో ఆస్ట్రేలియా దేశమున కానవచ్చినది. రీజెంట్ హనీఈటర్ అను తేనెపిట్ట సంఖ్య మిక్కిలి తగ్గినందున, పాట నేర్పు పెద్ద పక్షులు పిల్లపక్షులకు కరవైనవి. మగపక్షులలో సుమారు 12 శాతము తమ జాతి పాట నెరుగక ఇతర పక్షుల కూతలనే కూయుచున్నవని 2021లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. గురుపరంపర తెగినచో పక్షికి సైతము స్వాధ్యాయము నిలువదు. ఇక హరిదాసు కుమారుడు తండ్రి వెంట నడువకున్నచో, నడచినను తలుపులు తెరుచుకొనకున్నచో, ఆ కీర్తనను ఎవరు నిలుపుదురు?

కావున చెవికి సంయమమనగా చెవులు మూసికొనుట కాదు. హరిదాసు వాకిట నిలిచినప్పుడు లోపలి యంత్రముల రొద ఆపి, పిల్లవానిచేత దోసెడు బియ్యము అక్షయపాత్రలో పోయించుట. పాట ముగియువరకు నిలిచి వినుట. చెట్టుపై పక్షిని చెట్టుపైననే విని నమస్కరించుట – గృహస్థునకు ఇవి చాలును. అప్పుడు ఆ మక్కువ లేడి మోహముగా మిగులదు. నంపాడువాన్ దానముగా పరిణమించును.

చెవికి తలుపు పెట్టని స్వామి వాకిటి తలుపును మాత్రము మానవుని చేతికే వదలెను. ధనుర్మాసపు వేకువను చిరుతల సవ్వడి వినబడినప్పుడు అది తెరువబడుగాక.