తుప్పు గీకేశాక మిగిలేది ఏ బండి?

పాతపట్నంలో బండికి హీటరు కావాలని అడిగేవాళ్లు ఉండరు. మహేంద్రతనయ ఒడ్డున, పర్లాకిమిడికి ఆనుకున్నట్టుండే ఈ ఊళ్లో వేసవంతా వడగాలి, ఆ తర్వాత నెలల తరబడి ఉక్కపోత. అయినా చలి ప్రాంతాల కోసం తయారైన పాత జీపు ఏదైనా ఇటువైపు టింకరింగ్ షెడ్డుకు చేరితే, డ్యాష్‌బోర్డు వెనక ఒక రేకు పెట్టె బయటపడుతుంది. ఇంజన్‌లో వేడెక్కిన నీళ్లు రబ్బరు గొట్టం గుండా ఆ పెట్టెలోని చిన్న రేడియేటర్‌లోకి వచ్చి, ఇంకో గొట్టం గుండా తిరిగి వెళ్తాయి. ఫ్యాన్ దాని మీదుగా గాలిని తోస్తుంది. ఆ వెచ్చటి గాలిని కాళ్ల వైపుకో అద్దం వైపుకో మళ్లించడానికి రెండు మూడు రేకు తలుపులు. ఇంతకు మించి అందులో ఏమీ లేదు.

ఏళ్ల తరబడి ఎవరూ స్విచ్చి వెయ్యని ఆ పెట్టెకే తుప్పు త్వరగా పడుతుంది. ముందద్దం కింద గాలి కోసం పెట్టిన జాలీలోంచి వాన నీళ్లు, ఎండాకులు, దుమ్ము దిగి అడుగున పేరుకుంటాయి. రేకుల మధ్య అతికించిన స్పాంజి తడిని పీల్చుకుని వదలదు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగు మాత్రం జల్లెడైపోతుంది.

మేస్త్రి దాన్ని విప్పి, స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టి చూస్తాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం చచ్చిపోతుంది, కాస్త నొక్కితే మొన లోపలికి దిగిపోతుంది. వైరు బ్రష్షుతో గీకి, గట్టి ఇనుము తగిలేదాకా కత్తిరించి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, రెడ్ ఆక్సైడ్ పూస్తాడు. మోటారు కొత్తది, లోపలి రేడియేటర్ కొత్తది, గొట్టాలు, స్పాంజి కొత్తవి. ఆఖరికి పాత పెట్టెలో మిగిలేవి ఒక మూత, ఒక మీట. ఇది పాత హీటరేనా? బండి మొత్తానికీ ఇదే జరిగితే అది పాత బండేనా?

ఈ సందేహం బౌద్ధులు బాగా ఎరిగినదే. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద వాళ్ల స్తూపాల, విహారాల శిథిలాలు నేటికీ ఉన్నాయి. 1919లో వాటిని లోకం దృష్టికి తెచ్చింది పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి. బౌద్ధుల ‘మిలింద పన్హ’లో నాగసేనుడనే భిక్షువు మిలిందుడనే యవన రాజును అడిగేది సరిగ్గా బండి గురించే. మీరు వచ్చిన రథం ఏది? ఇరుసా, చక్రాలా, కాడా, పగ్గాలా? ఏదీ కాదంటాడు రాజు. అన్నీ కుదిరినప్పుడు పిలుచుకునే పేరే రథమని, మనిషి సంగతీ అంతేనని నాగసేనుడు తేలుస్తాడు.

న్యాయ వైశేషికులు దీన్ని ఒప్పుకోలేదు. అవయవాలకు వేరుగా అవయవి, అంటే మొత్తం వస్తువు, నిజంగా ఉందన్నారు. అయితే ఆ మాటకు వాళ్లు చెల్లించిన మూల్యం పెద్దది. గుడ్డలోంచి ఒక్క పోగు లాగితే పాత గుడ్డ నశించి మరో గుడ్డ పుట్టిందని చెప్పాల్సి వచ్చింది. దాన్ని ఖండపటం అన్నారు. ఈ లెక్కన ఒక బోల్టు మార్చినా షెడ్డులోంచి బయటికొచ్చేది వేరే బండే. తర్కానికి నిలిచే మాటే కావచ్చు, బతుకులో ఎవరూ ఇలా ఉండలేరు. పాతపట్నం మీదుగా వెళ్లే రైలు దారినే చూడండి. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి వేయించిన రెండున్నర అడుగుల చిన్న లైను 2004లో ఆగింది. కొన్నేళ్లకు బ్రాడ్‌గేజ్‌గా తిరిగొచ్చింది. పట్టాలు మారాయి, ఇంజన్లు మారాయి, వెడల్పే మారింది. అయినా దాన్ని అదే లైననడానికి ఎవరూ సందేహించరు.

రవాణా శాఖ తన వంతు జవాబు సూటిగా చెబుతుంది. అనుమతి తీసుకుని ఇంజన్ మార్చుకోవచ్చు. బండి గుర్తింపు మాత్రం ఛాసిస్ మీద కొట్టిన నంబరుతో ముడిపడి ఉంటుంది. కాగితాలకు అది చాలు.

ఈ జవాబులన్నీ మిగిలినదాని చుట్టూనే తిరుగుతాయి. తీసేసినదాని మాటేమిటి? ఆ ప్రశ్నను పట్టించుకున్నవి మన గుడులు. ఆగమాల్లో జీర్ణోద్ధరణకు పెద్ద విధానమే ఉంది. మూర్తిలో దెబ్బతిన్నది ప్రధానమైన అంగమా, వేలి లాంటి ఉపాంగమా అని ముందు చూస్తారు. చిన్న లోపమైతే బాగుచేస్తారు, పెద్దదైతే మూర్తినే మారుస్తారు. పని సాగినన్నాళ్లూ మూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయం అనే తాత్కాలిక మందిరంలో కొలుస్తారు. 2018 ఆగస్టులో తిరుమలలో జరిగిన బాలాలయ మహాసంప్రోక్షణం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక శిథిలమైన మూర్తిని చెత్తలో పడెయ్యరు, శాస్త్రోక్తంగా నిమజ్జనం చేస్తారు.

ఒడిశా పొలిమేరలో ఉన్న పాతపట్నం వాళ్లకు పూరీ ఇంకా దగ్గర. అక్కడ అధిక ఆషాఢం వచ్చిన ఏడు నవకళేబరం చేస్తారు. 1996లో, 2015లో జరిగింది. కొత్త దారుమూర్తుల్లోకి బ్రహ్మపదార్థాన్ని మార్చాక పాత మూర్తులను కోయిలి వైకుంఠంలో పాతిపెడతారు. ఆ పని చేసే దైతాపతులు సొంత ఇంట్లో చావు జరిగినట్టే మైల పాటిస్తారు. దేవుడు అక్కడే, కొత్త ఒంట్లో ఉన్నాడని తెలిసీ పాత కర్ర కోసం దుఃఖిస్తారు. ‘అదేనా, వేరేదా’ అన్న వాదంలో ఇంత పెద్ద మాట నాగసేనుడూ చెప్పలేదు, నైయాయికులూ చెప్పలేదు. కొనసాగింపు నిజమే, నష్టమూ నిజమే. బాగుచేసేవాడికి రెంటి బాధ్యతా ఉంది.

తుప్పు పెట్టెకు మైల అక్కర్లేదు. దానిలోంచి తీసేసినదానికి లెక్క చెప్పడం మాత్రం అవసరం. కోసేసిన రేకు ఇనప కొట్టుకు పోయి కరుగుతుంది, దానితో పేచీ లేదు. పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము మేస్త్రి ఊపిరితిత్తుల్లోకి, పక్కన సాయం చేసే కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. హీటరు గొట్టాలు ఊడదీయగానే కారే కూలెంట్‌లో సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉండటంతో కుక్కలు నాకుతాయి, పశువులు తాగుతాయి. కూలెంట్ తాగితే మూత్రపిండాలు చెడి చచ్చిపోవచ్చు. పాత బండి హీటరు విప్పిస్తున్నవాళ్లు ఆ రోజు షెడ్డు దగ్గరే ఉండి, ఆ నీళ్లను కాలవలోకి పోనివ్వకుండా డబ్బాలోకి పట్టించి, మూత బిగించి పశువులకు అందనిచోట పెట్టించండి.