గోడ దాటిన కొమ్మ

'ఇది నాది' యను మాట గృహస్థునకు బలము నిచ్చును. ఒక్కొక్కప్పుడు కన్నును గప్పును. మన యాస్తి ప్రహరిగోడతో ముగియునని దస్తావేజు చెప్పును గాని, దానివలన గలుగు మేలును కీడును ఆ గోడయొద్ద ఆగవు. అవి యాగనిచోట మన బాధ్యత మాత్ర మేల యాగవలయును? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకలేదు. గోదావరిఖనిలో మా పెరటి వేపచెట్టు క్రింద దొరకినది.

ఆ చెట్టును మా తండ్రిగారు నాటిరి. రామగుండము ప్రాంతపు టెండ యెట్టిదో యెఱిగినవారికి వేపనీడ విలువ వేఱుగా జెప్ప నక్కఱలేదు. ఆరవేసిన బట్టలపై బొగ్గుధూళి వ్రాలు నూర పచ్చనిచెట్టు ఇంటికి రెండవ కప్పు. కాలక్రమమున దాని పెద్దకొమ్మ యొకటి గోడ దాటి పొరుగింటివారి నల్లా మీదికి సాగెను. అచ్చటనే వారి కోడలు గిన్నెలు తోమును. మనుమలు స్నానము చేయుదురు.

పొరుగాయన బొగ్గుగనిలో మైనింగు సర్దారుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఒకనాడు వచ్చి కొమ్మను తీయింపుమని యడిగెను. "నలువది యేండ్ల చెట్టు, ఇన్నాళ్లు పడనిది ఇప్పుడు పడునా?" అంటిని. మా తండ్రిగారి జ్ఞాపకమనియు అంటిని. ఆయన మరల అడిగెను. నేను మరల అదియే చెప్పితిని. అటుపిమ్మట ఆయన అడుగుటయే గాక మాటాడుటయు మానెను. రెండిండ్ల యాడువారు గోడమీదుగా ఇచ్చిపుచ్చుకొను కూరగిన్నెలును ఆగిపోయెను.

అప్పుడు నేను చదువుకొన్నవాడు చేయు పనియే చేసితిని: నాకు అనుకూలమగు ప్రమాణములు వెదకితిని. కౌటిల్యుని అర్థశాస్త్రమున, పురోపవనములలోని పూల, పండ్ల, నీడ చెట్ల చిగుళ్లు త్రుంచినవానికి 6 పణములు, చిన్నకొమ్మలు కొట్టినవానికి 12, పెద్దకొమ్మలు కొట్టినవానికి 24 పణములు దండన విధింపబడినది. చూచి సంతోషించితిని. 2002 నాటి వాల్టా చట్టము చెట్టు కొట్టుటకు ముందుగా అనుమతి గోరుచున్నది. అదియు నాకు సంతోషమే. కాని వెదకుచు బోగా ఎదిరిపక్షపు ప్రమాణములును గనబడెను. 1890ల నాటి లెమన్, వెబ్ అనువారి వ్యాజ్యమున ఇంగ్లండు ప్రభువులసభ, తన నేలమీదికి వ్రాలిన కొమ్మను పొరుగువాడు చెట్టుగలవాని నేలపై అడుగిడకుండ నఱకుకొనవచ్చుననియు, ముందుగా దెలుపనైన అక్కఱలేదనియు, ఎన్నేండ్లుగా వ్రాలియున్నను చెట్టుగలవానికి హక్కు పుట్టదనియు తేల్చెను. మన దేశమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను, కూలి సమీపవాసులకు హాని చేయగల చెట్టును తొలగింపుమనియో, దానికి ఊతమిమ్మనియో ఆజ్ఞాపించు అధికారమును మేజిస్ట్రేటున కిచ్చుచున్నది. తక్కిన ప్రమాణములు హక్కెవరిదని విచారించుచుండగా, ఇది మాత్రము దెబ్బ ఎవరికి తగులునని విచారించుచున్నది. ఆ భేదము నాకు వెంటనే తలకెక్కలేదు.

వైశాఖమాసపు గాలివాన యొకరాత్రి ఆ కొమ్మనుండి చేతిమందపు రెమ్మను విఱిచి వారి నల్లాపై బడవేసెను. రాత్రివేళ గావున ఎవరికిని దెబ్బ తగులలేదు. తెల్లవారగానే నేనే వారింటికి బోయితిని. ఆయన నన్ను నిందింపలేదు. నిచ్చెన వేయించి, ఎక్కి, కఱ్ఱతో కొమ్మను తట్టెను. మొదట గట్టిగా పలికెను. మూరెడు దూరము పోగానే డొల్లగా పలికెను. "సారూ, ఇది గుల్ల. గనిల ఇసొంటి కప్పు కింద నేను మనిషిని నిలువనియ్యను" అనెను.

గనిలో పైకప్పును కఱ్ఱతో తట్టి, ధ్వనినిబట్టి పొర విడినదో లేదో తెలిసికొందురు. అనుమానమున్నచోటినుండి మనుష్యులను వెనుకకు బిలిచి, కంచె కట్టి, కప్పునకు ఊతమిచ్చువఱకు ఎవరిని పోనీయకుండుట సర్దారు విధి. 'ఇన్నాళ్లు పడలేదు' అను మాట అచ్చట చెల్లదు. అది నా పెరటిలో మాత్ర మెట్లు చెల్లును?

తెలియకముందు పడిన కొమ్మ దైవికము; తెలిపిన పిదప పడిన కొమ్మ నా చేతిపని. ఎఱుక కలిగిన క్షణముననే బాధ్యతయు గలుగును. మా తండ్రిగారి జ్ఞాపకమును పరుల బిడ్డల తలలపై వ్రేలాడదీయుట పితృభక్తి గాదు.

అట్లని భయమను పేరుతో ప్రతివాడును పొరుగువాని చెట్టును మొదలంట కొట్టింప గోరవచ్చునా? గోరరాదు. ఆకులు రాలుటయు, కాకులు వ్రాలుటయు అసౌకర్యములే గాని అపాయములు గావు. కౌటిల్యుడు చిగురునకును కొమ్మకును దండనలో తారతమ్యము చూపెను; మనమును ఈ రెంటికి తారతమ్యము చూడవలయును. మేము చెట్టును కొట్టలేదు. గుల్లకొమ్మను మాత్రము త్రాళ్లు గట్టి ముక్కలుముక్కలుగా దింపించితిమి. అపాయము నా చెట్టువలనిది గావున కూలియు నేనే యిచ్చితిని. దాని ప్రక్కనున్న గట్టికొమ్మను ఉంచుమని పొరుగాయనయే కోరెను. మనుమలకు నీడ కావలయునట! ఆయన చెట్టుకు శత్రువని నేనన్నినాళ్లు తలచితిని.

ఇప్పుడు ఉగాది వెళ్లిన పిమ్మట, గాలివానలకు ముందే, ఏటేట ఆయన కఱ్ఱతో వచ్చి చెట్టును తట్టును. నేను నిచ్చెన పట్టుకొందును. కూరగిన్నెలు మరల గోడ దాటుచున్నవి.

పాఠకులారా, పొరుగువారు వచ్చి మీ చెట్టునుగూర్చియో, గోడనుగూర్చియో చెప్పినప్పుడు దస్తావేజు వెదకకుడు. ఆ దినముననే వారి పెరటికి బోయి, వారు నిలుచుచోట నిలిచి, తల పైకెత్తి చూడుడు. మా పెరటినుండి నాకు నీడగా గనబడిన కొమ్మయే అచ్చటినుండి బరువుగా గనబడినది.