పెరటి గుంటలోని చేపకు మన బాకీ



సిరొంచ వైపు మాకు నీటికి కొదువ లేదు. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహితయై వచ్చి కాళేశ్వరం వద్ద గోదావరిలో పడుతుంది. దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి కలుస్తుంది. ఇంత నీరుండగా పెరట్లో చేపల గుంట ఎందుకని అడిగేవారున్నారు. పిల్లలు చూడాలని, దోమలు తగ్గాలని కట్టుకుంటాము. అయితే నదిలోని చేప తన మేత తాను వెదకుకొంటుంది, నీరు చెడితే తొలగిపోతుంది. మన గుంటలో ఆ రెండింటినీ మనమే తీసివేసినాము. గనుక దానికి మనము ఎంత బాకీపడ్డాము?

చాలామంది ఆ బాకీని మేతతో తీర్చాలని చూస్తారు. తవుడు, అన్నం మెతుకులు గుప్పెళ్లతో వేస్తారు. మిగిలిన మేత కుళ్లి, చేపల విసర్జనతో కలిసి అమోనియా అవుతుంది. రాళ్లను, అడుగును అంటుకొనియుండే సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిమ్మట నైట్రేటుగాను మారుస్తాయి. నైట్రేటును మొక్కలు పీల్చుకొంటాయి. ఈ జీవులు కుదురుకొనుటకు కొన్ని వారాలు పడుతుంది. గుంట తవ్విన మరునాడే నలభై చేపలు వదిలేవారిని చూస్తే మాకు జాలి కలుగుతుంది, చేపల మీద. గుంటంతా ఒకేసారి తోమి కడుగుట (మన ఇళ్లలో మహా ఇష్టమైన పని) ఆ జీవులనూ కడిగివేస్తుంది.

మే నెల ఎండలో వెచ్చబడిన నీరు ప్రాణవాయువును తక్కువగా పట్టుకొంటుంది. రాత్రి నాచు కూడా దానినే వాడుకొంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిస్తే అది ఆకలి అనుకొని మేత వేయరాదు. అప్పుడు నీడ, కొంత కొత్త నీరు కావాలి.

చేపలు ఎక్కువైనప్పుడు అసలు చిక్కు. "పోనీ, ప్రాణహితలో విడిచిపెడదాం" అంటుంది మనస్సు. అది దయగానే కనబడుతుంది. 1928లో దోమల నిమిత్తము మన దేశానికి తెచ్చిన గంబూసియా స్థానిక చేపల గుడ్లను, పిల్లలను తింటుంది. అక్వేరియంల నుండి బయటపడిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఆంధ్రప్రదేశ్‌లో జాలరుల వలలు చింపుతున్నది. నదికి ఇరుగట్ల మీదా వల మీద బ్రతికే కుటుంబాలున్నవి. మన దయకు వెల వారు చెల్లించాలా? మిగులు చేపను పొరుగువారి గుంటకు ఇయ్యాలి, తినదగినదైతే వండుకోవాలి. వండుట క్రూరమని కొందరంటారు. నదిలో వదిలినవాడు తన కంటికి కనబడని చోటికి ఆ చావును పంపినాడని మా అభిప్రాయం.

మనము వదలకున్నా నదే రావచ్చును. 2022 జూలై వరదలో సిరొంచ తాలూకా గ్రామాలు మునిగినవి; అట్టి వరదలో గుంటకూ నదికీ గట్టు మిగలదు. గనుక మొదటనే ఇక్కడి వాగుల్లో ఉండే చిన్న పరిగెలను తెచ్చుకొనుట మేలు. దోమపిల్లలను అవీ తింటాయి.