బండికి వయసెప్పుడొస్తుంది?

మోటారు వాహనాల చట్టం దృష్టిలో సొంత కారు ఆయుష్షు 15 ఏళ్లు. ఆ తర్వాత కండిషన్ చూసి అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్‌లో ఆ పొడిగింపు రుసుముని 600 రూపాయల నుంచి 5 వేలకి పెంచారు. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో మళ్లీ పెంచారు. పాత బండి వదిలించుకోమని సర్కారు మర్యాదగా చెప్పడమన్నమాట. 2005లో నా జీతం మీద అప్పు తీసుకుని, నా పేరుతో కొనుక్కున్న చిన్న కారుకి ఒక పొడిగింపు అయిపోయింది. రెండోదాని దగ్గర ఆలోచనలో పడ్డాను.

ఇంట్లో అందరి దగ్గరా సూత్రాలున్నాయి. ఏడాది రిపేర్ల ఖర్చు బండి అమ్మితే వచ్చే ధరని దాటితే అమ్మెయ్యాలంటాడు మా అబ్బాయి. వినడానికి బాగానే ఉంటుంది కానీ అది కొనేవాడి లెక్క. నేను పోల్చి చూడాల్సింది కొత్త బండి నాచేత పెట్టించే ఖర్చుతో. వాయిదాలు, ఇన్సూరెన్సు, షోరూం గడప దాటగానే పడిపోయే విలువ, ఇవన్నీ కలిపితే నా మెకానిక్ బిల్లు చాలా చిన్నది. అయినా బజార్లో ధర పలకనిదానికి విలువ లేదనే మాట మనకి కొత్తా? ఇంటిచాకిరీ గురించి ఇన్నేళ్లూ విన్నది అదేగా.

నా సహచరుడి అభ్యంతరం వేరు. "ఇంకా ఎన్నాళ్లు దీన్లో తిరుగుతావ్, నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురికీ ఈ బండి ఏం చేసిందో తెలీదు. రాత్రి పదింటికి సభ ముగిస్తే ఎవరు దింపుతారా అని చూడకుండా ఇంటికొచ్చాను. మూడేళ్లపాటు వారానికి మూడుసార్లు అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లాను, ఎవర్నీ బతిమాలకుండా. ఎక్కడికెళ్తున్నావని అడిగినవాళ్లకి తాళంచెవి చూపించి నవ్వాను.

మరి ఇన్నేళ్లలో ఆ బండిలో మిగిలిందెంత? క్లచ్ ప్లేట్లు రెండుసార్లు మార్చాను. రేడియేటర్ మారింది. బ్యాటరీలు ఎన్ని మారాయో లెక్కలేదు. రథం అంటే ఇరుసా, చక్రాలా, కాడా అని మిలిందుడనే గ్రీకు రాజుని నాగసేనుడు నిలదీసిన కథ తత్త్వశాస్త్రం క్లాసులో అందరం చదివాం. ఈ పోలికని అంతకుముందే వాడిన మనిషి వజిర అనే భిక్షుణి. అంధవనంలో ఒంటరిగా కూర్చుని ఉండగా మారుడొచ్చి ఈ ప్రాణిని చేసిందెవరని అడిగితే, భాగాల కూర్పుకి రథమని పేరుపెట్టుకున్నట్టే ప్రాణి అన్నదీ మన వాడుక మాటే అని చెప్పి పంపేసింది. మిలిందుడికి జవాబు చెబుతూ నాగసేనుడు ఆమె పేరు తలుచుకున్నాడు కూడా. మర్చిపోయింది మనం.

వజిర మాట నాకు సగం పనికొచ్చింది. నేను పట్టుకు వేలాడుతున్నది రేకుని కాదు, ఆ స్వేచ్ఛని. అది రేకులో లేదు. మిగతా సగం దగ్గరే ఆమెతో చిన్న పేచీ. మనిషినీ రథాన్నీ ఒకే పోలికలో పెడితే, ఆ పోలిక తప్పుడు చేతుల్లో పడ్డప్పుడు ఏమవుతుందో మన ప్రాంతంలో చూస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం పైమాటే. "పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది?" అనే మాట ఈ లెక్క వెనక ఎన్ని ఇళ్లలో వినపడి ఉంటుందో ఊహించుకోండి. శరీరాన్ని విడిభాగాల దుకాణం చేసే భాష అది.

అందుకేనేమో, 'పనికిరాదు' అనే మాట వింటే నాలాంటి వాళ్లకి ఒళ్లు మండుతుంది. పాత గిన్నె మీద అన్నా మన మీదే అన్నట్టుంటుంది. కానీ ఆ కోపంతో ఒక యంత్రానికి వకాల్తా పుచ్చుకోవడం సరైనదేనా? నా మోకాలు అరిగితే నన్ను మార్చెయ్యరు, మార్చకూడదు. కారుకి ఆ హక్కు లేదు. దాని బ్రేకులు అరిగితే చెల్లించేది అది కాదు.

చూడాల్సింది ఇక్కడే అనిపిస్తుంది. చిరిగిన సీటు, వెలిసిన రంగు, పని చెయ్యని ఏసీ నా ఇష్టం, నా చెమట. బ్రేకులు, స్టీరింగు, తుప్పు పట్టిన అడుగుభాగం అలా కాదు. సాయంత్రం క్లాసులయ్యాక బస్‌స్టాప్ దాకా ఎక్కించుకునే అమ్మాయిలున్నారు. రోడ్డు దాటే ముసలాయన ఉన్నాడు. నా జ్ఞాపకాల బరువు వాళ్లెందుకు మొయ్యాలి? కొత్త బండి భద్రత గురించి ఊదరగొట్టేవాళ్లని మాత్రం పూర్తిగా నమ్మను. ఢీకొట్టి చూసే పరీక్షల్లో సీట్లో కూర్చోబెట్టే బొమ్మ దశాబ్దాలుగా సగటు మగవాడి కొలతలదే. సగటు స్త్రీ కొలతలతో చేసిన బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో గానీ ముందుకు తీసుకురాలేదు. అయినా ఎయిర్‌బ్యాగ్ అసలే లేని బండి కన్నా మనకి సరిపడని ఎయిర్‌బ్యాగ్ కొంత నయమే.

వదిలెయ్యడంలోనూ తిరకాసుంది. మా వంటావిడ కొడుకు అడిగాడు, "అమ్మా, నాకిచ్చెయ్యండి, కిరాయికి తిప్పుకుంటాను" అని. ఇస్తే ఎంత బావుంటుంది! దానం చేశానన్న తృప్తి, బండి ఇంకా రోడ్డు మీద ఉందన్న ఊరట. కానీ అమ్మాయిలని ఎక్కించడానికి భయపడిన బండిలో ఆ అబ్బాయి తన ఊరి జనాన్ని ఎక్కిస్తాడు. నాకు ప్రమాదమనిపించినది వాళ్లకి అవకాశం ఎలా అవుతుంది? పట్నంలో కాలం చెల్లినవన్నీ పల్లెకి చేరే దారి ఇదే. ఎక్స్ఛేంజిలో ఇచ్చినా జరిగేది అదే, కాకపోతే మన కళ్ల ముందు జరగదు.

మెకానిక్‌తో బండిని పైకెత్తించి దగ్గరుండి చూశాను. అడుగున రెండుచోట్ల రేకు వేలితో నొక్కితే పొడి రాలింది. "వెల్డింగ్ పెట్టొచ్చు మేడమ్, కానీ నేనైతే నా పిల్లల్ని ఎక్కించను" అన్నాడు. అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారట, కొత్త బండి కొన్నప్పుడు దాని మీద పన్నులో రాయితీ వస్తుంది. వాళ్లు చెప్పిన ధర నేను అనుకున్నదానిలో సగం. సరేనన్నాను. వంటావిడ కొడుకుని కూర్చోబెట్టి ఎందుకివ్వటం లేదో చెప్పాను. అతను ఒప్పుకోలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి అతని డ్రైవింగ్ లైసెన్సుకి ఫీజు కడతానంటే, ఆలోచించుకుని చెప్తానన్నాడు.