ఒకటో తారీఖు

ప్రతి నెలా ఒకటో తారీఖున, పింఛన్లు అందే రోజున, రామతీర్థం చుట్టుపక్కల ఊళ్లలో ఒక వాదన మొదలవుతుంది. ఊరికే డబ్బు పంచితే జనం పాడైపోతారని ఒకరంటారు, ఆ డబ్బు లేకపోతే బతికేదెలా అని ఇంకొకరంటారు. ఐదు నిమిషాల్లో అది పార్టీల గొడవ అవుతుంది, అసలు ప్రశ్న అక్కడే పడి ఉంటుంది. ఆ ప్రశ్న పార్టీలకంటే చాలా పాతది. ఊరికే ఇచ్చినది పుచ్చుకున్న మనిషి పెరుగుతాడా, తరుగుతాడా? దీన్ని తాపీగా మాట్లాడుకోవాలన్న ఆశతో రెండు వైపుల మాటలనూ ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకాయన రిటైరైన హెడ్మాస్టారు. రెండో మనిషి ఆయన మేనకోడలు, ఊళ్లో డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తుంది. ఇద్దరూ, వాళ్లు చెప్పుకునే ఇరుగుపొరుగూ నా కల్పన. పథకాల లెక్కలు మాత్రం ఉన్నవే.

బోధికొండ కనిపించే అరుగు మీద కూర్చుని మాస్టారే మొదలుపెట్టారు.

"ముసలివాళ్లకు పింఛను ఇవ్వొద్దని నేననను తల్లీ. నా బాధ వేరు. అమ్మఒడి అన్నారు, చేయూత అన్నారు, రైతు భరోసా అన్నారు. ఇప్పుడు తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ. తన రెక్కల మీద తాను బతికే మనిషికి ఒక నిబ్బరం ఉంటుంది. అది పోయాక ఎన్ని వేలిచ్చినా తిరిగి రాదు."

"మన వీధి చివర ముసలమ్మను చూడు మావయ్యా. నలభై ఏళ్లు వరి ఉభాలకు వెళ్లింది. గోగు నానబెట్టి, ఆ కంపులో నడుంలోతు నీళ్లలో నిలబడి నార తీసింది. మొన్న ఒకటో తారీఖున మిషను మీద వేలు పెడితే పడలేదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడలేదు. వేళ్ల మీద గీతల్లేవు. ఆ గీతలు ఎక్కడ అరిగిపోయాయో నీకు తెలీదా? రెక్కల మీద బతకడం గురించి ఆమెకు మనమేటి చెప్తాం?"

"మరి చివరికి పడిందా?"

"కంటిపాప చూపిస్తే తీసుకుంది. 4,000. ఎనిమిది ఐదొందల నోట్లు. నా ఎదురుగానే పంచుకుంది. రెండు కిరాణా కొట్టు బాకీకి. రెండు సంఘం అప్పు వాయిదాకి. ఒకటి బీపీ, షుగరు బిళ్లలకు. ఒకటి మనవరాలికి. మిగతా రెండూ కొంగున ముడేసుకుంది. 2014 దాకా ఆ పింఛను 200 రూపాయలు. ఆ రోజుల్లో కొడుకింట్లో ఏ మూలనో పడి ఉండేది. ఇప్పుడు ఇద్దరు కొడుకులూ మా ఇంట ఉండమంటే మా ఇంట ఉండమంటున్నారు."

"డబ్బు కోసం పుట్టిన ప్రేమ అది."

"ప్రేమో కాదో నాకు తెలీదు. చోడి అంబలి వేళకు అందుతోంది. 'ఎవుడి మొగమూ సూడక్కర్లేదమ్మా ఇప్పుడు' అంటోంది. నువ్వు చెప్పిన నిబ్బరం అదే కదా?"

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న, నా దృష్టిలో, ఈ సంవాదం మొత్తంలో బరువైనది.

"బీపీ బిళ్లలకు ఒక నోటు పోయిందన్నావు. ఆ బిళ్లలు ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇవ్వాలి కదా? ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చిన నోటు మందుల షాపుకెళ్లిందంటే రెండో చేత్తో ఇవ్వాల్సింది ఇవ్వలేదన్నమాట. బడి సంగతీ అంతే. తల్లికి వందనం కింద ఒక తల్లి ఖాతాలో 13,000 పడ్డాయి, ఆమె వాటితో కాన్వెంటు ఫీజు కట్టేసింది. నేను ముప్పై ఏళ్లు చెప్పిన బళ్లో పిల్లలు తగ్గిపోతున్నారు. నగదు ఇచ్చేశాం, మా బాధ్యత తీరిందని సర్కారు చేతులు దులుపుకుంటే అడిగేదెవరు? డబ్బుతో బిళ్లలు కొనగలదు ముసలమ్మ. డాక్టరును కొనగలదా?"

"కొనలేదు," అంది ఆమె. "అందుకని ఉన్న నోటు లాక్కుంటే డాక్టరు వస్తాడా?"

"అలా అని కాదు..."

"నువ్వు అనకపోవచ్చు. పథకాలు దండగనేవాళ్లు మిగిలిన డబ్బుతో ఆసుపత్రులు కడతామని ఎప్పుడైనా అన్నారా?"

మాస్టారు దారి మార్చారు. "సరే, పని సంగతి చెప్పు. ఉభాలకు మనుషులు దొరకడం లేదని ఊరంతా మొత్తుకుంటోంది."

"దొరకరు. సగం ఇళ్లకు తాళాలు. విశాఖ, చెన్నై, హైదరాబాద్‌లలో బిల్డింగు పనుల్లో ఉన్నారు. సర్కారు డబ్బుతో ఒళ్లు బద్ధకించినవాళ్లు చెన్నై ఎండలో ఇటుకలు మోస్తారా మావయ్యా? ఏడాదికి 13,000 అంటే నెలకు పదకొండొందలు కూడా పడదు. దాంతో కాళ్లు చాపుకుని కూర్చునే ఇల్లు ఏదో నాకు చూపించు."

ఇక్కడ నేను కల్పించుకోవాలి. ఈ విషయం మీద ప్రపంచంలో చాలా వెతుకులాట జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఆయన సహచరులు ఆరు దేశాల నగదు పథకాలను పరిశీలించి, డబ్బు అందుకున్నవాళ్లు పని మానేశారనడానికి ఆధారం దొరకలేదన్నారు. డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపొవా ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, ఆ డబ్బు వల్ల సారాకీ పొగాకుకీ పెట్టే ఖర్చు పెరగలేదని తేలింది.

వీటికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది మన దగ్గరి సంగతి. 2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలినీ పింఛన్లనూ వేలిముద్ర కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఎనిమిది జిల్లాల్లో ముందు ఏ మండలాలకు ఇవ్వాలో లాటరీ పద్ధతిన తేల్చారు. విజయనగరం ఆ ఎనిమిదిలో ఒకటి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఆ ఫలితాలను లెక్కగట్టారు. కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. అసలు విశేషం తర్వాత బయటపడింది. పేద ఇళ్ల రాబడి పెరిగింది, కానీ ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పథకం నుంచి వచ్చింది కాదు. బయటి పనులకు కూలి రేటు పెరగడం వల్ల వచ్చింది. సర్కారు పని డబ్బు ఖాయంగా చేతికొస్తుందని తెలిశాక, తక్కువ కూలికి పిలిస్తే రానని చెప్పే ధైర్యం వచ్చిందన్నమాట. కూలీలు దొరకడం లేదనే ఫిర్యాదులో కొంత భాగం ఈ ధైర్యం మీదే అని నా అనుమానం. దాన్ని నేను నష్టంగా చూడలేను. ఈ ఊళ్లలో కాదనగలగడం తరతరాలుగా భూమి ఉన్నవాళ్ల సొత్తు.

"పనికి కూలి పెరిగితే నాకూ సంతోషమే," అన్నారు మాస్టారు. "ఏ పనీ లేకుండా ఇవ్వడం గురించే నా మాట. పుచ్చుకున్నవాడు ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలి. లేకపోతే మనసులో చిన్నవాడైపోతాడు."

"ఆ గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి కదా, బళ్లో నువ్వే చెప్పావు. అక్కడి భిక్షువులు కింది ఊళ్లు పెట్టిన బువ్వ తిన్నారు. వాళ్లను చిన్నవాళ్లనుకున్నారా?"

"వాళ్లు ధర్మం చెప్పారమ్మా. అది తిరిగి ఇవ్వడమే."

"ముసలమ్మ నలభై ఏళ్లు ఊరికి బువ్వ పండించింది. ఆమె ముందే ఇచ్చేసింది. బాకీ మనదే."

దీనికి జవాబుగా మాస్టారు తలూపారు గానీ ఒప్పుకోలేదు. ఆయన మనసు ఇంకొక చోట ఉంది.

"బాకీ అయితే బాకీలాగే ఇవ్వాలి. ముఖ్యమంత్రి మారితే పథకం పేరు మారుతుంది, కాయితం మీద బొమ్మ మారుతుంది. ఇస్తున్నది నేనే అని ఒకాయన, ఆయనకంటే ఎక్కువ నేనిస్తానని ఇంకొకాయన. పుచ్చుకునేవాళ్లు చేతులు కట్టుకుని ఎవరో ఒకరికి కృతజ్ఞత చూపాలి. ఒకరి దయ మీద నడిచేది నిబ్బరం ఎలా అవుతుంది?"

"ఈ మాట ఒప్పుకుంటాను," అంది ఆమె వెంటనే. "చేయూత కింద ఏడాదికి 18,750 వచ్చేది. మా సంఘంలో ఒకావిడ దాంతో నూటికి మూడు వడ్డీ అప్పు 18,000 తీర్చేసింది. నెలకు 540 మిగిలింది. ఎప్పుడూ అడగని మనిషి, లెక్క నాతో రెండుసార్లు చెప్పించుకుంది. మళ్లీ ఏడాదీ వస్తుందని నమ్మి గేదెను కొనడానికి కొత్త అప్పు చేసింది. ప్రభుత్వం మారింది, చేయూత ఆగింది. గేదె ఉంది, అప్పూ ఉంది. 2024 ఎన్నికలప్పుడు ఇంటికి పింఛను తెచ్చే వాలంటీర్లను ఆపేస్తే ఏప్రిల్లో సచివాలయాల దగ్గర, మేలో బ్యాంకుల దగ్గర ముసలివాళ్లు ఎండలో పడిన పాట్లు నువ్వూ చూశావు. పేదింటికి మొత్తం ఎంతన్నది ఒక్కటే కాదు మావయ్యా. తారీఖు కావాలి. తారీఖు తెలిస్తే మనిషి ముందుకు చూస్తుంది. తెలియకపోతే ఆ డబ్బు పండక్కొచ్చిన చుట్టం, వచ్చిన రోజే సందడి."

నా పక్షం ఇక్కడే తేలిపోయింది. ఆగిపోతుందేమోనన్న భయంతో అందుకునే డబ్బు ఆకలి తీరుస్తుంది, మనిషిని నిలబెట్టదు. చట్టంలో ఉండి, ఏ బొమ్మా లేకుండా, చెప్పిన రోజున వచ్చే డబ్బు నిలబెడుతుంది. మాస్టారు భయపడే పరాధీనత డబ్బు ఇవ్వడం వల్ల కంటే, దాన్ని ఎప్పుడైనా ఆపగల అధికారం ఒకరి గుప్పిట్లో ఉండడం వల్ల పుడుతోంది.

"ఇంకో సంగతి," అంది ఆమె. "చెరువు కింద ఎకరంన్నర కౌలుకు చేస్తున్న ఆవిడ ఉంది కదా. పీఎం కిసాన్ 6,000 పట్టా ఉన్నవాళ్లకే. పొలం గలాయన విశాఖలో ఉంటాడు, డబ్బు అక్కడ పడుతుంది. బురదలో దిగేది ఈమె. కౌలు కార్డు ఇప్పించమంటే ఆయన ఒప్పుకోడు, కాయితం మీద పేరు పడితే భూమి పోతుందని భయం. ఊరికే ఇస్తున్నారని బాధపడ్డావే, పొలం మొహం చూడని ఆయనకు ఊరికే రావడం గురించి ఎవరూ ఒక్క మాట అనరు."

మాస్టారు లేచి లోపలికెళ్లి కళ్లజోడు, తెల్లకాయితాలు తెచ్చుకున్నారు. "సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఆమె సంగతి రాస్తాను. ఆసుపత్రిలో బిళ్లల సంగతీ రాస్తాను."

"రాయి. కానీ రెండూ ఒకే కాయితం మీద రాయకు మావయ్యా. ఒకటి ఇచ్చి రెండోది కొట్టేస్తారు."