నక్షత్రములకు పేరు పెట్టినవాడు
(యోబు 38:31-33, కీర్తన 147:3, 4)



కోల్‌కతా చౌరంగీ ప్రాంతములో రెండు కట్టడములు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి 1847లో ప్రతిష్ఠింపబడిన సెయింట్ పాల్స్ కథీడ్రల్. రెండవది సాంచీ స్తూపపు పోలికను కట్టబడి, 1963 జూలై 2న జవహర్‌లాల్ నెహ్రూగారిచే ప్రారంభింపబడిన బిర్లా నక్షత్రశాల. ఒకచోట నక్షత్రములను చూపుదురు. ఒకచోట వాటిని చేసినవానిని ఆరాధింతురు. ఈ పొరుగుతనము నాకు సమ్మతమే.

శీతకాలపు రాత్రి మృగశిర వెనుక వెలుగు శ్వాన నక్షత్రము, రాత్రి ఆకాశపు చుక్కలన్నిటిలో మిక్కిలి ప్రకాశమానమైనది. అది వేకువను తిరిగి కనబడు దినములలో నైలునది పొంగెడిది గనుక ఐగుప్తీయులు దానిని సోప్దెత్ అను దేవతగా కొలిచిరి. గ్రీకులు ఓరియోను అను వేటగాని కుక్క యనిరి. రోమీయులు పైరునకు తుప్పు తెగులు రాకుండ ఏప్రిల్ 25న కుక్కను బలియిచ్చెడివారు. మన ఐతరేయ బ్రాహ్మణములో అది కుక్క కాదు, వేటగాడే: మృగరూపుడైన ప్రజాపతిని బాణముతో కొట్టిన మృగవ్యాధుడు. నక్షత్రము ఒక్కటే, దానిని చూచినవారి భయములును ఆశలును వేరు.

ఇచ్చట అనువాదకునికి ఒక చిక్కు కలదు. సుడిగాలిలోనుండి యోబుతో పలికిన దేవుని నోట మన తెలుగు బైబిలు కృత్తికను, మృగశిరను ఉంచినది. పంచాంగపు పేర్లు ఆయన నోట ఏల యని అడుగు విశ్వాసులున్నారు. న్యాయమైన ప్రశ్నయే. అయితే హెబ్రీ మూలములో మృగశిరకున్న పేరు కెసీల్. సామెతల గ్రంథములో బుద్ధిహీనునికి వాడిన మాటయు అదే. గ్రీకు అనువాదకులు సంకోచింపక ఓరియోను అని వ్రాసిరి. పేరు పలికినంతమాత్రాన పూజ కాదు. మన పల్లెలవారు కృత్తికను పిల్లలకోడి యందురు. ఆ పేరు వ్రాసినను వాక్యము చెడదని నా తలంపు. దేవుడు యోబును అడిగినది పేర్లను గూర్చి కాదు, వాటి కట్లు ఎవని చేతిలో నున్నవని. యోషీయా రాజు తొలగించినదియు పేర్లను కాదు, వాటికి ధూపము వేయువారినే (2 రాజులు 23:5).

మన యిండ్లలో ఆ ధూపము లేదు. అయినను సంబంధము కుదుర్చుకొను వేళ, "అమ్మాయిది మూలా నక్షత్రమట, మామగారికి కీడట" అను గుసగుస బాప్తిస్మము పొందిన యిండ్లలోను వినబడుచున్నది. మూల యనునది వృశ్చికపు తోకలోని చుక్కలు. వాటిలో మిక్కిలి వెలుగుదాని కాంతి మనలను చేరుటకు వందల సంవత్సరములు పట్టును. ఆ పిల్ల ముత్తాత పుట్టకమునుపే బయలుదేరిన వెలుగు, ఆమె యింకను అడుగుపెట్టని యింటిలోని ముసలివాని ఆయుష్షును ఎట్లు తగ్గించును? ఆ మాటచేత పెండ్లి తప్పిపోయిన కన్య తన తప్పేమో తెలియక తలుపు వెనుక ఏడ్చుచుండును. సంఘపెద్దలు దీనిని నవ్వి విడువరాదు. ఆ రెండు కుటుంబములతో కూర్చుండి, ఆ పిల్ల వినుచుండగానే మాటలాడవలెను.

అట్టి యింటికి పోవునప్పుడు 147వ కీర్తన తీసికొని పొండి. నక్షత్రములను లెక్కించి వాటన్నిటికి పేరు పెట్టువాడు నాలుగవ వచనములో నున్నాడు. విరిగిన హృదయములకు కట్టు కట్టువాడు మూడవ వచనములో నున్నాడు. హెబ్రీ కవి ఆ రెంటి నడుమ "మరియు" అను మాటనైనను చేర్చలేదు. చదువునప్పుడు మీరును అచ్చట ఆగకుడి.